మా బీడీ గోదాంలో నైట్ క్లబ్బు

జనవరి 18, శనివారం

నా చేతిరాత బాగుండదు. ఏడో తరగతి దాకా లింగంపేట బడిలో చదివాను. వత్తు కావలసిన చోట పెట్టను, వద్దన్న చోట పెడతాను. ఈ డైరీ నా ఒక్కడి కోసమే. అయినా పొరపాటున ఎవరి చేతికైనా చిక్కితే తప్పులు మన్నించి, ఇక్కడితో మూసేయాలని మనవి.

డైరీ ఎరువుల దుకాణం వాళ్లు ఇచ్చారు. నాకు పొలం లేదు. దుకాణం ముందు నుంచి పోతుంటే రైతుల వరుసలో ఇరుక్కుపోయాను. చేతిలో పెట్టారు. వద్దని చెప్పలేకపోయాను.

రాయవలసిన సంగతి ఇది. మా అక్క భూదవ్వ కొడుకు అరుణ్‌కుమార్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఆరేండ్లు అక్కడ ఒక నైట్ క్లబ్బులో తలుపు దగ్గర నిలబడే ఉద్యోగం చేశాడు. తలుపు దగ్గర నిలబడి నిలబడే లోపలి వ్యాపారమంతా నేర్చుకున్నాడట. ఇప్పుడు సొంతంగా ఒకటి పెడతాడట. కామారెడ్డిలో. ఎల్లారెడ్డి రోడ్డు మీద. నా గోదాంలో.

"ఏమంటవ్ మామా?" అన్నాడు.

తల ఊపాను. అడ్డంగానే ఊపాననుకుంటాను. వాడు కాళ్లు మొక్కి వెళ్లిపోయాడు.

జనవరి 19, ఆదివారం

ఆ గోదాంలో నలభై ఏండ్లు బీడీలు చూశాను. నేను బీడీ చెకర్‌ని. ఆడవాళ్లు ఇండ్లలో చుట్టిన బీడీలు గంపల్లో తెచ్చి, వరుస కట్టి, ఒక్కొక్కరే నా ముందు పోసేవాళ్లు. బాగున్నవి కుడి పక్కకు, బాగలేనివి ఎడమ పక్కకు. మాట అవసరం లేదు. "ఈ బీడీ ఏం పాపం జేసింది మైసన్నా?" అని కొట్లాడేవాళ్లు. నేను బీడీ వైపే చూస్తూ ఉండేవాణ్ని. కాసేపటికి వాళ్లే అలసిపోయేవాళ్లు.

కంపెనీ ఇక్కడి గోదాం ఎత్తేసినప్పుడు నేనే కొనుక్కున్నాను. ఎందుకు కొన్నావని నా భార్య చంద్రవ్వ అడిగింది. జవాబు ఆలోచిస్తుండగానే రెండేండ్లు గడిచాయి. తరవాత ఆమె పోయింది. తొమ్మిదేండ్లయింది. మాకు పిల్లలు లేరు. కొడుకన్నా అల్లుడన్నా అరుణ్ ఒక్కడే. వాడికి కాదని చెప్పడం ఎట్లా.

గోదాం గోడకు ఆనుకుని రూతమ్మ ఇల్లు. ఆమె భర్త కూడా లేడు. బట్టలు కుడుతుంది. ఆమెకు పేపర్ వస్తుంది. రోజూ పొద్దున ఏడింటికి పేపర్ చదవడానికి పోతాను. పేపర్ కోసమే. చాయ్ ఇస్తుంది, అది వేరే సంగతి.

జనవరి 20, సోమవారం

ఈ రోజు పేపర్ రాలేదు. పోయి వచ్చాను.

జనవరి 22, బుధవారం

అరుణ్ ఒక పెద్ద నోటుబుక్కు కొన్నాడు. మొదటి పేజీలో 'క్లబ్బు పెట్టేముందు చూసుకోవలసినవి' అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. నన్ను వెంటబెట్టుకుని గోదాం అంతా తిరిగాడు.

"ఒక్కటే తలుపేంది మామా?"

"బీడీలు" అన్నాను. రెండో తలుపు ఉంటే బీడీలు నడిచిపోతాయని కంపెనీ వాళ్ల భయం. అంతా చెప్పలేదు.

"అగ్గి తాకితె జనం ఎటు దిక్కు ఉరుకాలె? రెండో తలుపు లేకుంటె పర్మిషన్ ఇయ్యరు." రాసుకున్నాడు. "బాత్రూములెక్కడ?"

"ఎనుక తుమ్మచెట్లున్నయి."

అరుణ్ నా ముఖం చూశాడు. "లేడీస్ వస్తరు మామా."

లేడీస్ నలభై ఏండ్లు వచ్చారు. వాళ్లు కూడా చెట్ల వెనకకే పోయారు. అప్పుడెవరూ నోటుబుక్కులో రాయలేదు. అది ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గనిపించింది.

ఇంకా చాలా ఉన్నాయి. పోలీసుల కాగితం, ఎక్సైజు వాళ్ల కాగితం, మునిసిపాలిటీ కాగితం. కార్లు ఎక్కడ పెట్టాలి. చప్పుడు బయటికి పోకుండా గోడలకు ఏం కొట్టాలి. గోడల సంగతి సరే, పైన రేకులు. ఆ రేకుల మీద పిల్లి నడిస్తేనే రూతమ్మకు నిద్ర పట్టదు. ఊళ్లకు పోయే బస్సులు ఆగిపోయిన తరవాత క్లబ్బు మొదలవుతుందట. మరి వచ్చినవాళ్లు ఎట్లా పోతారు? ఇది నాకు తోచింది. వాడు అడగలేదు, నేను చెప్పలేదు.

పొగాకు వాసన ఇంకా పోలేదు. అరుణ్ గట్టిగా పీల్చాడు. "అరే, క్లబ్బు వాసన ముందుగాల్నే ఉన్నది!" అని సంతోషపడ్డాడు.

చివరికి ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. పక్కింటి వాళ్లకు అభ్యంతరం లేదని సంతకం కావాలట. ఒక పక్క మక్కచేను. ఇంకో పక్క రూతమ్మ.

"ఇది నీ పని మామా. రూతమ్మ నీతోని మంచిగుంటది గదా. నువ్వడిగితె కాదనది."

జనవరి 23, గురువారం

కాగితం జేబులో పెట్టుకుని పోయాను. చాయ్ తాగాను. వచ్చాను.

జనవరి 24, శుక్రవారం

అట్లాగే.

జనవరి 25, శనివారం

అట్లాగే. చాయ్‌లో అల్లం వేసింది.

జనవరి 28, మంగళవారం

మిషను తొక్కుతూనే అడిగింది. "మైసన్నగారూ, జేబుల ఏందది? వారం సంది మోస్తున్నరు."

ఇచ్చాను. మిషను ఆగింది. అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. నేను పేపర్‌లో మక్కల ధర చూస్తున్నాను. అది నిన్నటి పేపర్ అని తరవాత తెలిసింది.

"క్లబ్బా?"

"ఊ."

"తెల్లందాక పాటలుంటయా?"

"ఊ."

"మీకిష్టమేనా?"

మక్కల ధర తగ్గింది.

"నేనైతె సంతకం పెడత" అన్నది. "పిల్లగాడు బతుకుదెరువు సూసుకుంటున్నడు, అడ్డం పడను. కని నేనీడ ఉండ. మా చెల్లె ఉమారాణి ఎల్లారెడ్డిల ఒక్కతే ఉన్నది. ఎన్నటి సందో రమ్మంటున్నది. ఇల్లమ్ముకోని పోత."

చాయ్ గ్లాసు మక్కల ధర మీద పెట్టాను.

"మీరు వద్దంటె ఆగుతది. గోదాం మీదే గదా. కని మీరు వద్దనరు." అద్దాలు తీసి, "మీరు ఏదీ అనరు" అన్నది. కోపంగా అనలేదు. జాకెట్టు కొలత చెప్పినట్టు చెప్పింది. "పెన్నున్నదా?"

లేదన్నాను. పెన్ను జేబులోనే ఉంది. దాని మూత బయటికే కనబడుతోంది. ఆమె అటు చూసింది.

"సరె. రేపు తేండ్రి" అన్నది.

జనవరి 29, బుధవారం

పెన్ను తీసుకుపోలేదు.

జనవరి 30, గురువారం

ఈ రోజు కూడా. ఈ లెక్కన పెన్ను లేకుండా ఎన్ని రోజులైనా గడపవచ్చు. నాకేం, పేపర్ చదవడానికే కదా పోయేది. ఎల్లారెడ్డిలో కూడా పేపర్ దొరుకుతుంది. కాని అంత దూరం ఎవరు పోతారు.

ఫిబ్రవరి 1, శనివారం

ఒక్క మాట చెప్తే అయిపోతుంది. వద్దు. రెండక్షరాలు. ఎవరూ లేనప్పుడు గోదాంలోకి పోయి, నడుమ నిలబడి, గొంతు సవరించుకుని అన్నాను.

"వద్దు."

రేకులకు తగిలి నాలుగుసార్లు తిరిగి వచ్చింది. ఇంత గొంతు నాకుందని తెలియదు. ఇంకోసారి గట్టిగా అన్నాను. "వద్దు!"

వెనక నుంచి చప్పట్లు. అరుణ్.

"మామా! సౌండ్ ఎట్లున్నది సూసినవా? మైకు లేకుంటెనే గిట్ల మోగుతున్నది! ఇంకోపారి అను, ఇంకోపారి అను, ఫోన్ల రికార్డు జేస్త!"

అన్నాను. మూడోసారి, ఫోనులోకి.

"సూపర్" అన్నాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

అరుణ్ కొత్త ఆలోచన. కాగితాలన్నీ వచ్చేదాకా ఆగకుండా ఒకరోజు మందు లేకుండా, ఉత్త పాటలు, కూల్‌డ్రింకులతో తెరిచి చూపిస్తాడట. అప్పుడు ఊళ్లో అందరికీ నమ్మకం కుదురుతుందట. పద్నాలుగో తారీఖు రాత్రి అనుకున్నాడు. ఆ రోజు పడుచువాళ్ల పండుగట.

మా అక్క లింగంపేట నుంచి దిగింది. ముహూర్తం లేకుండా ఏ పనీ మొదలుపెట్టనీయదు. పంతులుగారి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన వేళ్లు లెక్కబెట్టి, "పద్నాలుగు రాత్రి బాగలేదు. పదమూడు పొద్దున పది గంటల ఇరవైనాలుగు నిమిషాలు. దివ్యంగా ఉంది" అన్నాడు.

"పంతులుగారూ, అది నైట్ క్లబ్బు!" అన్నాడు అరుణ్.

"అయితే ఏమైంది నాయనా? రాత్రి నడిచే హోటలుకు ముహూర్తం పొద్దున్నే పెట్టాను. నడవాలా వద్దా?"

"నడువాలె" అన్నది మా అక్క. అయిపోయింది.

కార్డులు కూడా ఆమే కొట్టించింది. మామిడాకులు, కలశం, పైన గణపతి. 'బంధుమిత్ర సపరివారంగా విచ్చేసి, విందు ఆరగించి, మా నైట్ క్లబ్బును ఆశీర్వదించ ప్రార్థన.' ఆహ్వానించువారు అన్నచోట నా పేరు.

అరుణ్ నెత్తి పట్టుకున్నాడు. "అమ్మా, క్లబ్బుకు కార్డులు పంచరే! ఫోన్ల పెడితె యూత్ వస్తరు."

"ఫోన్ల బొట్టు వెడ్తవారా? ఇంటికి పోయి బొట్టు వెట్టి పిలువకుంటె సుట్టాలు ఎట్లొస్తరు?"

"సుట్టాలెందుకే!"

"మరి ఎవలొస్తరురా, దొంగలొస్తరా?"

ఎల్లారెడ్డి, లింగంపేట, అక్కడి తండాలు, ఒకప్పుడు నాకు బీడీలు పోసిన ఆడవాళ్ల ఇండ్లు, ఒక్కటీ విడువకుండా నాలుగు రోజులు తిరిగి పిలిచింది.

ఫిబ్రవరి 10, సోమవారం

తలుపు దగ్గర నిలబడడానికి బిచ్కుంద నుంచి ఒక మనిషి వచ్చాడు. పేరు నగేశ్. కుస్తీ పట్టేవాడట. తలుపు కంటే వెడల్పు. మాటలో మరాఠీ కలుస్తుంది. నెమ్మదస్తుడు. నేనెవరో తెలియకపోయినా నన్ను చూసి నమస్తే పెట్టబోయాడు, నేను అప్పటికే పక్క వీధిలోకి తిరిగాను.

పొద్దున్నే చీకటి కావాలి కదా. వెంటిలేటర్లకు గోనె సంచులు కొట్టారు. నేనే పట్టుకున్నాను, కూలివాళ్లు మేకులు కొట్టారు. నా చేతులతో నేనే. ఏం మనిషినో.

ఫిబ్రవరి 12, బుధవారం

"రేపు నన్ను గూడ రమ్మంటరా?" అని రూతమ్మ అడిగింది.

"రండి" అన్నాను.

ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది. నేను ఊ అనలేదు. రండి అన్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

అంతా వరుసగా రాస్తాను.

తొమ్మిదిన్నరకు తెల్లదోతి కట్టుకుని పోయాను. నగేశ్ చేయి అడ్డం పెట్టాడు.

"కాకా, దోతి మీద లోపల్కి లేదు. ప్యాంటు, బూట్లు ఉండాలె. అరుణ్ శేట్ చెప్పిండు."

గోదాం నాదని చెప్పవచ్చు. ఎండలో పక్కకు నిలబడ్డాను. కార్డు పట్టుకుని వచ్చినవాళ్లందరూ నాకు దండం పెట్టి లోపలికి పోయారు. వాళ్లలో దోతివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు నగేశ్‌తో కొట్లాడి పోయారు.

రూతమ్మ వచ్చింది. బూడిద రంగు చీర. "ఇక్కడెందుకు నిలబడ్డరు?"

నా దోతి చూపించాను.

ఆమె నగేశ్ వైపు తిరిగి, "ఈ గోదాం ఎవలదనుకున్నవ్ నాయినా?" అన్నది.

నగేశ్ ముఖం తెల్లబడింది. అంత మనిషి నా కాళ్ల మీద పడ్డాడు. "అరే దేవా! చెప్పాలె గదా కాకా!" ఇగ అప్పటి నుంచి భయపడి ఎవరినీ ఆపలేదు. వచ్చిన ముసలివాళ్లందరి కాళ్లూ మొక్కాడు. నూట ముప్పై మంది. మధ్యాహ్నానికి మోకాళ్లకు నూనె రాయించుకున్నాడు.

లోపల చీకటి. ఎండలో నుంచి వచ్చినవాళ్లకు ఏమీ కనబడదు. పైన రంగురంగుల లైట్లు తిరుగుతున్నాయి. "కరెంటు పోయిందా?" "పోలేదు, అగో, వస్తున్నది, పోతున్నది." "లైన్‌మన్‌కు ఫోన్ గొట్టుండ్రి, పాపం ఫంక్షన్ రోజే గిట్లయింది." ఎవరో నిజంగానే ఫోన్ కొట్టారు.

యూత్ నలుగురు వచ్చారు. లోపల వాళ్ల నాయినమ్మలు కూర్చుని ఉన్నారు. వచ్చిన దారినే పోయారు.

పది ఇరవైనాలుగుకు కొబ్బరికాయ కొట్టించి, నన్ను పీట మీద కూర్చోబెట్టారు. గోడ దగ్గర, సరిగ్గా నేను నలభై ఏండ్లు కూర్చున్న చోట. అక్కడే వచ్చింది చిక్కు. ఇట్లాంటి పనులకు పిలిస్తే మావాళ్లు ఉత్త చేతులతో రారు. బట్టలు పెడతారు. ఇంటాయనకు తువ్వాలో పంచెనో, ఇంటామెకు చీరనో జాకెట్టు గుడ్డనో. నేను నా పాత చోట కూర్చోగానే, ఒకప్పుడు బీడీలు పోసిన ఆడవాళ్లు, ఎవరూ చెప్పకుండానే లేచి వరుస కట్టారు. అదే వరుస. ముందు ఎంకవ్వ, ఆమె వెనక మిగతావాళ్లు. గంపల బదులు బట్టల సంచులు.

ఇంటివాళ్లు ఎవరూ దగ్గర లేరు. రూతమ్మ ఒక్కతే పక్కన నిలబడింది. చేతిలో నాకోసం తెచ్చిన మంచినీళ్ల గ్లాసు.

ఎంకవ్వకు ఎనభై ఏండ్లు. చూపు ఆనదు. "మైసా, గుర్తువట్టినవా? నా బీడీలు ఎన్ని తీసి అవుతల వెట్టినవ్ రా, పాపిష్టోడా! అయినా బట్టలు తెచ్చిన సూడు." తరవాత తల ఎత్తి రూతమ్మను చూసింది. "ఇంటామెను నిలవెట్టి నువ్వు కూసుంటవా? కూసో బిడ్డా, కూసో."

చేయి పట్టి గుంజింది. బీడీలు చుట్టిన చేయి, ఇంకా బలం తగ్గలేదు. రూతమ్మ నా పక్కన పీట మీద పడినట్టే కూర్చుంది.

"అవ్వా, నేను—" అంటున్నది. అప్పుడే స్పీకర్లు అందుకున్నాయి. ఎంకవ్వ బొట్టు పెట్టబోతే రూతమ్మ మెల్లగా చేయి పట్టుకుని ఆపింది.

"ఓ, చర్చికి పోతవా? ఏం బాధ లేదు, బొట్టు లేకుంటె చీర పట్టు" అని ఒడిలో ఆకుపచ్చ చీర పెట్టింది. నా భుజం మీద తువ్వాల కప్పింది. "ఎప్పుడు చేసుకున్నవ్ రా? ఒక్క మాట చెప్పకపోతివి!"

కాదు అని చెప్పాలనుకున్నాను. దగ్గు వచ్చింది.

ఇంక ఎంకవ్వ పెట్టిందంటే వెనకవాళ్లు ఆగుతారా? వరుసలో ముందామె ఏం చేస్తే వెనకామె అదే చేస్తుంది. ఒకరి తరవాత ఒకరు వచ్చారు. ఇద్దరికీ కలిపి పెట్టారు. ఆరు చీరలు, పదిహేడు జాకెట్టు గుడ్డలు. నా మీద తువ్వాలలు ఎంత ఎత్తు పెరిగాయంటే ముందు ఎవరున్నారో కనబడలేదు. ఒకామె చెవిలో, "మంచిపని జేసినవ్ మైసన్నా, ముసలితనంల తోడుండాలె" అన్నది. ఇంకొకామె, "ఈమెకైనా నోరున్నదా, లేకుంటె ఇద్దరూ ఇద్దరేనా?" అన్నది.

రూతమ్మ లేవలేదు. ఎందుకు లేవలేదో తెలియదు. మర్యాద కోసమై ఉంటుంది. ఒడిలో బట్టల బరువు కూడా ఉంది.

బయట బగారన్నం వండిస్తున్న మా అక్క గంటెతో లోపలికి వచ్చింది. నిలబడిపోయింది.

"మైసా! ఏందిర ఇది?"

ఎంకవ్వ ఆమెనే తగులుకుంది. "ఏందంటవేందే భూదవ్వా? మరదలికి నువ్వు ముందుగాల వెట్టాలె. మా తర్వాత వెడ్తవా?"

మా అక్క నోరు మూతపడడం నేను పుట్టి అరవై ఏడేండ్లలో మొదటిసారి చూశాను.

అందరూ తిన్నారు. మాంసం లేదని కొందరు సణిగారు. పోయేటప్పుడు రూతమ్మ చీరలన్నీ మడతపెట్టి పీట మీద ఉంచింది. ఎంకవ్వ చీర ఒక్కటి చేతిలోనే ఉండిపోయింది, మరిచిపోయి ఉంటుంది. నా దగ్గర ఆగి అన్నది.

"మీరొక్క మాట అంటె అయిపోవు."

ఏ మాటో చెప్పలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఏడింటికి పోయాను. తాళం.

ఫిబ్రవరి 15, శనివారం

తాళం. వాకిట్లో రెండు పేపర్లు పడి ఉన్నాయి. తీయలేదు. ఆమె లేకుండా చదివితే బాగుండదు.

పాలు పోసేవాడు చెప్పాడు. రూతమ్మ మిషను ఆటోలో ఎక్కించుకుని ఎల్లారెడ్డి పోయిందట. మిషను కూడా తీసుకుపోయింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

మూడు పేపర్లు.

చాయ్ హోటల్‌కు పోలేను. నిన్న పోతే బల్ల మీద కూర్చున్నవాళ్లు లేచి నాకూ, నా పక్కన లేని మనిషికీ చోటిచ్చారు. "వదినమ్మ రాలేదా?" అని అడిగారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో.

మా అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాతో మాట్లాడకుండా ఉండడం తేలికే, నాకు తేడా తెలియదు. ఈ రోజు ఆమే ఓడిపోయింది.

"ఈ వయసుల నీకేం బుట్టిందిర? ఊరంత నవ్వుతున్నది. మనమేంది, వాళ్లేంది?"

నేను చేతిగోళ్లు చూసుకున్నాను.

"ఆమె జేసిన చాయ్ తాగుతవట గదా, రోజు. ఎన్నేండ్ల సంది?"

"ఏడు."

"చక్కెర ఎంత ఏస్తది?"

"చెంచన్నర."

మా అక్క రెండు వేళ్లు చూపించింది. "నేను నీకు చిన్నప్పటి సంది రెండేస్తున్న" అన్నది. "ఎక్కువైతున్నదని ఒక్కనాడన్న చెప్పకపోతివి."

లేచి పోతూ, గుమ్మంలో ఆగి, నా వైపు చూడకుండా అన్నది. "ఆమె లేవలే మైసా. నేను సూసిన. లేవాలంటె లేవదా? కాళ్లున్నయి గదా మనిషికి."

ఫిబ్రవరి 17, సోమవారం

చెప్పేశాను.

అరుణ్ హుషారుగా వచ్చాడు. యూత్ రాకపోయినా ఫరవాలేదు, జనం ఎట్లా వస్తారో తెలిసింది, రెండో తలుపుకు రేపు గోడ పగలగొడదామన్నాడు. ఎటు వైపు గోడ అని అడిగితే రూతమ్మ వైపు గోడ చూపించాడు. "ఆమె పోయింది గదా మామా, ఇగ సంతకం బాధ గూడ లేదు. ఆ ఇల్లు గూడ మనమే తీసుకుంటె పార్కింగు అయితది."

ఆ వాకిట్లో నాలుగు పేపర్లు ఉన్నాయి. వాటి మీద కార్లు నిలబడతాయన్నమాట.

"ఇయ్య" అన్నాను.

"ఏంది?"

"గోదాం. ఇయ్య."

అరుణ్ నోటుబుక్కు జారిపోయింది. "ఇయ్యవా? నెల రోజుల సంది నా ఎంబడి తిరిగినవ్ గదా! సంచులు పట్టినవ్! నేను అడిగితె తలూపినవ్!"

"అడ్డం ఊపిన."

"అడ్డమా! నాకు నిలువే కనవడ్డది మామా!"

"అడ్డమే."

స్పీకరు డబ్బా మీద కూలబడ్డాడు. కోపం వచ్చింది, రావాలి. ఆరేండ్లు ఇంకొకరి తలుపు దగ్గర నిలబడి, సొంత తలుపు కావాలనుకున్నాడు. నా గుండె కొట్టుకునే చప్పుడు రేకులకు తగిలి వినబడుతుందేమో అనిపించింది. కాని మాట వెనక్కి తీసుకోలేదు. చెడ్డ బీడీ ఒకసారి ఎడమ పక్కకు పెట్టాక ఎవరు ఏడ్చినా కుడి పక్కకు తేలేదు నేను.

కింద పడిన నోటుబుక్కు వైపు చూస్తూ అడిగాడు. "రూతమ్మ కోసమా?"

తల ఊపాను.

"ఇది అడ్డమా, నిలువా? నోటితోని చెప్పు."

"నిలువు."

నవ్వలేదు. నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తరవాత నోటుబుక్కు తీసుకుని, 'క్లబ్బు పెట్టేముందు చూసుకోవలసినవి' కింద పెద్ద అక్షరాలతో రాశాడు. నాకు చూపించాడు. 'జాగ గలాయన నోరు తెరిచి ఔననేదాక ఒక్క మేకు గూడ కొట్టద్దు.'

సాయంత్రానికి స్పీకర్లు, లైట్లు ఆటోలో ఎక్కించాడు. నగేశ్ ఒక్కడే మోశాడు. బైపాస్ అవతల, చుట్టూ చేన్లు తప్ప ఇల్లన్నదే లేని జాగ ఒకటి చూస్తాడట. పోయేటప్పుడు కాళ్లు మొక్కలేదు. కాని రోడ్డు మీదకు పోయినాక ఆటో ఆపి, "మామా, గోనెసంచులు ఇప్పు. లోపల చీకటున్నది" అని అరిచాడు.

నిచ్చెన వేసుకుని అన్నీ ఇప్పాను.

ఫిబ్రవరి 18, మంగళవారం. ఎల్లారెడ్డి

రూతమ్మ గారికి.

ఇది డైరీ. ఉత్తరం రాయాలని మూడు కాగితాలు పాడుచేశాను. ఇందులో అంతా ముందే రాసి ఉంది కాబట్టి ఇదే ఇస్తున్నాను. మొదటి పేజీలో మూసేయమని రాశాను. మీరు మూయవద్దు.

పొద్దున బస్సుకు వచ్చాను. మీ చెల్లెలి ఇల్లు తొందరగానే దొరికింది. గేటు దాకా నాలుగుసార్లు వచ్చాను. లోపల మిషను చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఆగితే మాట్లాడదామనుకున్నాను. మీరు ఆపలేదు. ఇప్పుడు ఎదుటి చాయ్ హోటల్‌లో కూర్చుని రాస్తున్నాను. మీ చెల్లెలు ఉమారాణి గారు రెండుసార్లు బయటికి వచ్చి నన్ను చూసి పోయారు. మూడోసారి వస్తే ఈ పుస్తకం ఆమె చేతికిస్తాను.

గోదాంలో క్లబ్బు లేదు. వద్దని చెప్పాను. నోటితోనే చెప్పాను, కావాలంటే అరుణ్‌ను అడగండి. మీరు ఇల్లు అమ్మవద్దు. మీ వాకిట్లో అయిదు పేపర్లు ఉన్నాయి, అన్నీ భద్రం.

పేపర్ కోసమే వస్తానని ఇందులో చాలాచోట్ల రాశాను. అది తప్పు. కొట్టివేద్దామంటే పేజీలు ఖరాబవుతాయి. మీరే కొట్టివేసుకుని చదవండి.

ఇంకొక తప్పు కూడా ఉంది. పదమూడో తారీఖు పేజీలో, కాదు అని చెప్పాలనుకుంటే దగ్గు వచ్చింది అని రాశాను. కాదు అని చెప్పాలనుకోలేదు. వాళ్లు ఒక్కొక్కరే వచ్చి మనిద్దరికీ కలిపి పెడుతుంటే, ఎవరైనా ఆపుతారేమోనని భయమేసింది. అందుకే దగ్గాను.

మీరు చర్చికి పోతారు. నేను ఎక్కడికీ పోను. మా అక్క మాటలంటుంది, ఊరు నవ్వుతుంది. అవన్నీ నేను పడతాను, నాకు అలవాటే. మీరు పడవలసిన పని లేదంటే అది కూడా న్యాయమే. అప్పుడు పేపర్లు మీ చెల్లెలి ఇంటికి తెచ్చి ఇచ్చి పోతాను, రోజూ.

హోటలాయన ఇప్పటికి నాలుగు చాయ్‌లు పోశాడు. గ్లాసు ఖాళీ అయితే చాలు, మళ్లీ పోస్తున్నాడు. అరుణ్‌కు వద్దని చెప్పగలిగాను కాని, ఈయనకు చెప్పలేకపోతున్నాను. నాకు మూడు దాటితే పడదు. అదిగో, కెటిల్ పట్టుకుని మళ్లీ వస్తున్నాడు.

దయచేసి జవాబు తొందరగా చెప్పండి.

మైసన్న